‘నేనూ వస్తా’: టీకా, తాత్పర్యము

అవతారిక

వ్యాఖ్యాతలు రెండు తెగలవారు. మూలములోని ప్రతి పదమును, చెఱకుగడను గానుగలో రెండుమార్లు త్రిప్పినట్లు, రసము దిగిన పిదప పిప్పిని సైతము పిండి చూచువారు మొదటి తెగ. ‘రాముడు’ అనుచోట రాముడనగా దశరథుని కుమారుడని రెండు పుటలు వ్రాసి, చదువరి నిజముగా చిక్కువడి దిక్కులు చూచు చోటు రాగానే ‘స్పష్టము’ అని యొక్క మాట వ్రాసి, కలము కడిగికొని లేచిపోవువారు రెండవ తెగ. నేడు కొల్చారమని పిలువబడు మెదకు సీమ గ్రామమువాడని చెప్పబడు కోలాచల మల్లినాథసూరి ఈ రెండు తెగలకును వెలియైనవాడు. మూలమున లేనిది వ్రాయననియు, అక్కఱలేనిది పలుకననియు ప్రతిజ్ఞ పట్టి, కాళిదాసు కావ్యములకు వ్యాఖ్యలు సంతరించెను. ఆ ప్రతిజ్ఞలోని రెండవ సగమును నేను నిలుపుకొనజాలనని ముందుగనే విన్నవించుకొనుచున్నాను.

నేను వ్యాఖ్యానింపబూనినది కావ్యము కాదు, శాసనము కాదు. ఒక బాలవాక్యము. ఇది తాటాకున కెక్కలేదు. ఏ ముద్రణాలయమును దీనిని ప్రకటింపలేదు. ఐనను నలుగురు పిల్లలు గల యింట పుట్టి దీనిని విననివాడు లేడు. కడగొట్టువాడై పుట్టి దీనిని పలుకనివాడు అసలే లేడు.

మూలము

‘అన్నయ్యా, ఆగు! నేనూ వస్తా. లేకపోతే అమ్మకు చెప్తా.’

సందర్భము

పండ్రెండు దాటి యిరువది నిండని యొక బాలుడో బాలికయో, నిధి వెదకుటకో, రక్కసుని గూల్చుటకో, ఊరి చివరి పాడుబడిన బంగళాలో రాత్రులందు దీపము వెలిగించునది దయ్యమా మనిషియా యని తేల్చుకొనుటకో, ఇంటిలో నెవ్వరికిని చెప్పక, చప్పుడు కాకుండుటకై చెప్పులు చేత బట్టుకొని, పెరటి తలుపు గడియ మెల్లమెల్లగా తీయుచుండగా, వెనుక నుండి వినవచ్చిన వాక్యమిది. లోకమునగల సాహసకథలలో సగమునకు ఇదియే నాందీవచనము. తక్కిన సగమున కథానాయకునకు తోబుట్టువులు ఉండరు. ఉండకుండునట్లు రచయితలు ముందుగనే జాగ్రత్తపడిరి. ‘ట్రెజర్ ఐలండ్’ నవలలో జిమ్ హాకిన్సు తండ్రి పోయిన యొంటి కొడుకు. వాడు ఓడ యెక్కుటకు పూటకూటియిల్లు నడుపు తల్లి కన్నీరు తుడిచికొన్న జాలును. వానికొక యైదేండ్ల చెల్లెలున్నదనుకొనుడు. ‘హిస్పానియోలా’ ఓడ బ్రిస్టలు రేవు దాటెడిదే కాదు. దాటినను, ఒంటికాలి సిల్వరుగారి చిలుకను ఆ పిల్లకు చూపించుటతోనే మూడు ప్రకరణములు గడచిపోయెడివి.

పాఠాంతరములు

‘అన్నయ్యా’ అనుచోట ‘అక్కా’ అనియు పాఠము గలదు. అర్థభేదము లేదు గాని బరువున భేదము గలదు: అక్కయైనచో మూటలో అదనముగా నొక దుప్పటి చేరును. తెలంగాణపు ప్రతులలో ‘నేన్గూడ వస్త’ అనియు, శ్రీకాకుళపు ప్రతులలో ‘నానూ వత్తాను’ అనియు వినవచ్చును, రెండును గ్రాహ్యములే. ‘అమ్మకు’ అనుటకు మాఱుగా ‘నాన్నకు’ అని కొందఱు చదువుదురు. అది అపపాఠము. నాన్నకు చెప్పినచో చెప్పినవాని వీపును సురక్షితము కాదు గనుక, అనుభవము గల తమ్ముడెవ్వడును అట్లు పలుకడు.

టీక

అన్నయ్యా: సంబోధన. ఒక్క గడియకు మునుపు బొంగరముకొఱకు జుట్లు పట్టుకొన్నప్పుడు ‘ఒరేయ్’ అన్నవాడే, తలుపు గడియ చప్పుడు చెవిని బడినంతనే ‘అన్నయ్యా’ యని దీర్ఘము తీయుట గమనింపదగినది. ఇంతకంటె విశేషము లేదు.

ఆగు: దీనిని తరువాత చూతము.

నేనూ: ఇది వాక్యమునకు ప్రాణము. ‘నేను’ అను సర్వనామము తుదనున్న ఉకారము దీర్ఘమైనప్పుడు సముచ్చయార్థము వచ్చును. గ్రాంథికమున ‘నేనును’ అందుము. అదనముగా వచ్చినది ఒక్క మాత్ర. మాత్ర యనగా కన్ను మూసి తెఱచునంత కాలము. ఆ కన్నుమూతలో, అన్నగారు నెల దినములుగా చాపపై పరుండి యింటి దూలములవంక చూచుచు కల్పించుకొన్న జగత్తంతయు రెండు పాళ్లగుచున్నది. ఒక్కనికై కట్టిన అటుకుల మూట ఇద్దఱకు రాదు. ఒక్కడు దూకగల గోడ ఇద్దఱు దూకలేరు. ఒకడు దూకి, రెండవవానిని ఎత్తి దించవలెను. ‘నేను వస్తాను’ అనుట ప్రార్థన, కాదనవచ్చును. ‘నేనూ వస్తా’ యనుట లెక్క. నీవొకడవు, నేనొకడను, వెరసి యిద్దఱము అని కూడిక ముగిసిన పిమ్మట చెప్పబడిన మాట యిది. కూడికను కాదనుట యెట్లు?

ఈ సముచ్చయమునకు మన వాఙ్మయమున ఆదిమోదాహరణము బాలకాండమున గలదు. విశ్వామిత్రుడు యాగరక్షణకై వచ్చి యడిగినది రాముని, ఒక్కనినే. దశరథుడు, కుమారునకింకను పదునాఱేండ్లయినను నిండలేదనియు, కావలసినచో అక్షౌహిణీసేనతో తానే వత్తుననియు వెనుకముందాడెను, వసిష్ఠుడు నచ్చజెప్పెను, తుదకు రాజు రాముని పిలిపించెను. ఇచ్చట చూడుడు: ఋషి యడిగినది రాముని, రాజు పిలిచినది లక్ష్మణునితో గూడిన రాముని. నడుమ నెవ్వరును లక్ష్మణుని మాట యెత్తినట్లు లేదు. లక్ష్మణుడు ‘నేనూ’ అనినట్లును లేదు. అనవలసిన పనియే లేకపోయెను. ఆ సముచ్చయము రాముని పేరులోనే విశేషణమై కలిసిపోయి యుండెను. ముందు ఋషి, వెనుక రాముడు, అతని వెనుక విల్లు పట్టి సౌమిత్రి, ఈ వరుసలో వారు సరయూతీరము వెంబడి నడచిరి. అంతకు మునుపే వాల్మీకి మనకొక గుట్టు చెప్పియున్నాడు: తమ్ముడు చెంతలేనిదే రామునకు నిద్ర పట్టదట, మృష్టాన్నము తెచ్చియిచ్చినను తమ్ముడు లేక ముట్టడట. జగదేకవీరుడు కాబోవు బాలుని దినచర్యలో నిద్రాహారములు రెండును కనిష్ఠుని చేతిలో నుండెను. ఇక తాటక యెంత, సుబాహుడెంత!

శంక: సాహసికి తమ్ముడును చెల్లెలును అడ్డంకులు గారా? ముందు పులి, వెనుక తమ్ముడు అన్నట్లుండును గదా? రచయితలు వారిని కథలోనికేల తెచ్చిరి?

సమాధానము: తెచ్చుటకు కారణము ‘నేనూ’ అనుదాని బదులుగా పెద్దవాని నోట వెలువడు ప్రతివచనమున గలదు. అది ‘నేనే’. చిన్నవానిది సముచ్చయార్థకమైన ఊకారము; పెద్దవానిది అవధారణార్థకమైన ఏకారము. ‘నేనూ వస్తా’ అని యొకడు. ‘వలదు, నేనే పోయెదను’ అని యొకడు. తాను పోవలెనన్న కోరిక యొక్కటియే యుండి యింటినుండి బయలుదేరిన బాలుడు, తాను గాక మఱియెవ్వడు పోయినను చెల్లెలికి కీడు గలుగునని తెలిసిన క్షణమున, ఆ ఏకారము పలుకును. ఆ క్షణము రానంతవఱకు వాడు షికారు తిరుగువాడే గాని సాహసి గాడు. చిన్నవాడు లేనిచో ఈ ఏకారము పలుకుటకు సందర్భము దొరకదు గనుక, రచయితలు వానిని వెంట దెచ్చిరి.

2008లో సుజాన్ కాలిన్సు రచించిన ‘ది హంగర్ గేమ్స్’ అను నవల ఈ ఏకారమునకు వ్రాసిన భాష్యమని చెప్పవచ్చును. అందు పానెమ్ అను రాజ్యమున పండ్రెండు మొదలు పదునెనిమిది యేండ్ల వఱకుగల పిల్లల పేర్లు చీట్లపై వ్రాసి, యేటేట చీటి తీసి, పేరు వచ్చిన వారిని ఒండొరులను చంపుకొనుటకై బరిలోనికి దింపుదురు. వయస్సుతోబాటు చీట్ల సంఖ్యయు ఏటికొకటి చొప్పున పెరుగును. బీదలైనవారు తమ పేర మరికొన్ని చీట్లు వేయించుకొన్నచో చీటి కొక్కింటికి ఒక మనిషికి యేడాదికి సరిపడునని చెప్పబడు కొలదిపాటి ధాన్యమును నూనెయు నిత్తురు. పదునాఱేండ్ల కాట్నిస్ పేర ఆ యేడు ఇరువది చీట్లుండెను. పండ్రెండేండ్ల చెల్లెలు ప్రిమ్ పేర ఒక్కటి. చెల్లెలి పేర ధాన్యము కొఱకు చీటి వేయుటకు అక్క యొప్పుకొనలేదు. ఇరువదికి ఒకటి: ఇదియే ఆ యింటి ఆయవ్యయపట్టిక. కాట్నిస్ విల్లు పట్టి కంచె దాటి యడవికి పోవునది, వేటపై మోజుచేత గాదు. ఆ ‘ఒకటి’ యనునది ‘రెండు’ గాకుండుటకు. ఇట్టి లెక్క వేసికొని బ్రదికిన యింట, తీసిన చీటిపై వచ్చిన పేరు ప్రిమ్‌ది.

ఆ ఘట్టమున నన్ను పట్టి నిలిపినది వీరవాక్యము గాదు. చెల్లెలు వేదికవైపు నడచుచుండగా, ఆ పిల్ల రవిక వెనుకభాగము పావడా నుండి యూడి, బాతుతోకవలె వ్రేలాడుచుండును. ఆ యుదయమే అక్క దానిని చూచి లోపలికి దోపుకొమ్మని ముద్దుగా కోప్పడి యుండెను. ఆ తోక కంటబడినంతనే కాట్నిస్ కదలి, చెల్లెలికి మాఱుగా తానే పోయెదననినది. రాజ్యముపై తిరుగుబాటు, తరువాత నవలలలో వచ్చు యుద్ధము, వీనికన్నిటికిని బీజము అచ్చట పడినది. ఐనను ఆ క్షణమున ఆమె యెదుట రాజ్యము లేదు, చెల్లెలి రవిక కొస యున్నది. పిమ్మట రైలెక్కుటకు ముందు దొరకిన కొలది నిమిషములలో ఆమె ఆడినది వీరాలాపములు గావు: మేకపాలు అమ్ముకొమ్మనియు, ధాన్యపు చీట్ల జోలికి పోవలదనియు, ఇంటి జాగ్రత్తలు. మన యిండ్లలో పెండ్లియై యత్తవారింటికి పోవు అక్క, పెట్టె సర్దుచు చెప్పు మాటలును ఇట్టివే.

ఏకారమునకు రెండవ యుదాహరణము 1962లో మాడెలిన్ లెంగిల్ వ్రాసిన ‘ఎ రింకిల్ ఇన్ టైమ్’. మెగ్ అను బాలిక కనబడకుండబోయిన తండ్రిని వెదకికొనుచు గ్రహాంతరములకు పోవును. ఆమె గమ్యము తండ్రి. అందు సందియము లేదు. వెంట ఐదేండ్ల తమ్ముడు చార్లెస్ వాలెస్. ఈ తమ్ముడు ‘నేనూ’ అని యేడ్చువాడు గాడు. గాలివాన రాత్రి అక్కకు నిద్రపట్టక వంటింటికి దిగివచ్చునని ముందే యెఱిగి, పొయ్యిమీద పాలు పెట్టి కూర్చుండినవాడు. అట్టివాడు శత్రువు వశమైపోవును. తండ్రి దొరకును, తమ్ముడు పోవును. ఇంటికి తండ్రితో తిరిగి రావచ్చును గదా, వచ్చిన పని తీఱినది గదా? తీఱలేదు. గమ్యము మాఱినది. మరల పోవలసినది యెవరన్న ప్రశ్న వచ్చినప్పుడు, తండ్రి వలనను గాలేదు, వెంట వచ్చిన స్నేహితుని వలనను గాలేదు. తమ్ముని బాగుగా నెఱిగినది తానొక్కతెయే గనుక మెగ్ ఒంటిగా పోయెను. శత్రువునకు లేనిదియు తనకుమాత్రమే కలదియు ఆ ప్రేమ యొక్కటియే యని గ్రహించి, దానితోనే తమ్ముని విడిపించుకొని వచ్చెను. వ్యాకరణము చదివినవారికి ఇది ‘నేనే’ అనుదాని రూపసిద్ధి.

వస్తా: ఇచ్చట మన భాష యొక మహోపకారము చేసినది, వ్యాఖ్యాతలెవ్వరును దీనిని గమనింపలేదు (వ్యాఖ్యాతలు ఇంతవఱకు లేరనుకొనుడు). తమ్ముడు ‘నేనూ వెళ్తా’ అనలేదు, ‘వస్తా’ అనెను. వెళ్లుటకు ఒక చోటు కావలెను: నిధి, కోట, కొండ. వచ్చుటకు ఒక మనిషి కావలెను. అన్నగారి గమ్యము పాడుబడిన బంగళా; తమ్మునిగారి గమ్యము అన్నగారు. ఒకే త్రోవన నడచు నిద్దఱిలో నొకడు దూరమునకు పోవుచున్నాడు, ఇంకొకడు అడుగడుగునకును చేరుచున్నాడు.

ఇందుకు స్వానుభవమును చెప్పుటకు సిగ్గుపడను. మా యూరి కాలువగట్టు వెంబడి నాలుగు మైళ్లు నడచినచో లాకులు వచ్చును. లాకుల తలుపులు మూసి, నీరెక్కించి, బరువు పడవను మెట్టెక్కించినట్లు పైకి లేపుదురని విని, దానిని కన్నులార చూచుట నా పదునాలుగవయేట నా జీవితాశయమయ్యెను. ఒక వేసవి తెల్లవారుజామున బయలుదేరితిని. ఆఱేండ్ల మా తమ్ముడు పై మూలవాక్యమును అక్షరము తప్పక పలికెను. పలికి, వెంటబడెను. చెప్పులు లేవు. మొలత్రాడునకు వ్రేలాడదీసిన యొక తాళపుచెవి. అది దేనిదో ఈనాటికిని మాకు తెలియదు. మొదటి ఫర్లాంగు ముగియకమునుపే మూటలోని మరమరాలును బెల్లమును వానికి చెల్లిపోయెను. రెండవ ఫర్లాంగున ‘ఎంతసేపు’ అనుట మొదలిడెను. గట్టుమలుపు దగ్గఱ పల్లేరుగాయ గుచ్చుకొనెను. వాని పాదము నా తొడపై బెట్టుకొని, గోటితో ముల్లు తీసి, ఉమ్మి తడి యద్ది, వీపుపై నెక్కించుకొని లాకులవైపు చూచితిని. కనుచూపు మేరలో ఏమియు లేదు. తమ్ముడు మాత్రము నా మెడచుట్టు చేతులు వేసి, పడవ చూచినవానికంటె నెక్కువ సంతోషముతో నుండెను. వాడు రావలసిన చోటికి వచ్చియుండెను.

‘వస్తా’ యనుదానిలోని ఈ గుట్టును వంగదేశమున విభూతిభూషణ బంద్యోపాధ్యాయులు 1929లో గ్రంథరూపమున వచ్చిన ‘పథేర్ పాంచాలి’లో తలక్రిందులు చేసిరి. దుర్గ అక్క, అపు తమ్ముడు. తోటలలో కాయలేరుటకును, చెఱువుగట్లు తిరుగుటకును అక్క ముందు, తమ్ముడు వెనుక. సాహసి యెవరన్న దుర్గయే. ఐనను రైలు చూచు భాగ్యము ఆమెకు సరిగా దక్కలేదు. సత్యజిత్ రాయ్ 1955 నాటి చిత్రమున, రెల్లుపూల నడుమ పరువెత్తుచుండగా అక్క తూలి పడిపోవును. పట్టాల చెంతకు చేరువాడు తమ్ముడు. నవలలో, జ్వరపు పడకపై నుండి, తనకు నయమైన పిదప రైలు చూపుమని అక్కయే తమ్ముని నడుగును. అనగా ‘నేనూ వస్తా’ యను మాట అక్క నోటికి వచ్చెను. అన్వయము మాఱినది, కర్త మాఱెను. దీనికి టీక వ్రాయుటకు నాకు చేయి రాదు.

లేకపోతే: షరతు. అంగడిలో బేరమాడువాని మాట. విడువుము.

అమ్మకు: షష్ఠి. సాహసి విడిచివచ్చినది ఇంటిని. ఇంటికి పర్యాయపదము అమ్మ. తమ్ముడు వెంట వచ్చినచో అమ్మయు వెంట వచ్చినట్లే. వాని ముక్కు, వాని ఆకలి, వాని నిద్ర, ఇవన్నియు అమ్మగారి ప్రతినిధులు. జేమ్స్ బారీ 1904లో నాటకముగాను, 1911లో నవలగాను రచించిన ‘పీటర్ పాన్’లో దీనికి విస్తారమైన వివరణము గలదు. ఎగురుట నేర్పెదనని పీటర్ వచ్చి పిలిచినప్పుడు, మనస్సూగిన వెండీ మొట్టమొదట అడిగినది తమ్ములైన జానుకును మైకేలుకును గూడ నేర్పెదవా యని. నెవర్లాండుకు పోవు దారిలో నిద్ర మత్తున మైకేల్ సముద్రము వైపు జాఱిపోవుచుండగా, నీటిని తాకుటకు రవంత ముందు పీటర్ పట్టుకొనును. పీటరునకు అదియొక యాట, అక్కకు అది ప్రాణసంకటము. మత్స్యకన్యలును సముద్రపు దొంగలును గల ఆ దీవిలో వెండీ చేసినదేమి? వంట, మేజోళ్లకు కుట్లు, అందఱలో చిన్నవాడగుటచేత మైకేలును బుట్టలో బెట్టి ఉయ్యాల వేయుట. ఆ యింట ఉయ్యాలలో నొక శిశువు ఉండితీరవలెనని ఆమె పట్టు.

ఇంతకంటె సూక్ష్మమైనది ఇంకొకటి గలదు. కొంతకాలమునకు జాను తల్లిదండ్రులను మసకగా మాత్రమే తలచుకొనుచున్నాడనియు, మైకేల్ వెండీయే తన తల్లి యని నమ్ముటకు సిద్ధముగా నున్నాడనియు ఆమె కనిపెట్టెను. కనిపెట్టి, భయపడి, ఆ వనమధ్యమున వారికి పరీక్షపత్రములు పెట్టెను! తల్లి కన్నులు ఏ రంగు, తల్లిదండ్రులలో పొడవెవరు, ఇట్టి ప్రశ్నలు. దొంగల నాయకుడు ఒంటిచేత ఇనుపకొక్కెము బిగించుకొని పొంచియుండగా, అక్క పలకపై ప్రశ్నలు వ్రాయుచున్నది. సాహసకథలో ఇంతకంటె సాహసమైన పరిచ్ఛేదము నేను చదివి యెఱుగను. తమ్ముడు ‘అమ్మకు చెప్తా’ యని బెదరించుట మామూలు. ఇచ్చట తమ్ముడు అమ్మనే మఱచుచుండగా, అమ్మ యొకతె యున్నదని అక్క వానికి చెప్పవలసి వచ్చెను.

చెప్తా: భవిష్యదర్థకము. కనిష్ఠుల యాయుధములలో బ్రహ్మాస్త్రము. ఇంతవఱకు పేర్కొన్న పిల్లలందఱు మంచివారగుటచేత, చదువరులు ఈ పదమును చులకన చేయుదురేమో యని 1876లో మార్క్ ట్వేన్ ప్రకటించిన ‘టామ్ సాయర్’ను సాక్ష్యమునకు పిలుచుచున్నాను. టామునకు సిద్ అని సవతితమ్ముడు. వీడు వెంట రాడు. ‘నేనూ వస్తా’ యనడు. వీనికి తెలిసినది ‘చెప్తా’ యను నొక్క పదమే. దానితోనే అన్నగారి జీవితమును శాసించెను. బడి యెగగొట్టి ఈతకు పోయిన టామును పట్టుకొనుటకై పాలీ పిన్ని చొక్కా కంఠపట్టీని తానే కుట్టి పంపియుండెను. తల తడిసినదేమనగా కొళాయి క్రింద నీళ్లు పోసికొంటిమన్నాడు. కంఠపట్టీ చూపుమన్నది, చూపెను, కుట్టు చెదరలేదు. పిన్ని మనస్సు కరగినది. అప్పుడు సిద్, మెత్తగా, ఆమె కుట్టినది తెల్ల దారముతోనని తాననుకొంటిననియు ఇది నల్ల దారమనియు పలికెను. అంతే. టామ్ వాకిలి దాటి పాఱిపోయెను. పిదప ఒకచోట నిలిచి తన కోటు మడతలో గ్రుచ్చియుంచుకొన్న రెండు సూదులను చూచుకొనును: ఒకదానికి తెల్లదారము, ఒకదానికి నల్లదారము. పిన్ని యొకప్పుడు తెల్లదారముతోను, ఒకప్పుడు నల్లదారముతోను కుట్టుటచేత, ఏది యేదినమో తనకు జ్ఞప్తియుండుట లేదని వాని విచారము. చూచితిరా! సముద్రపుదొంగ కావలెనని కలలు గను బాలుడు కోటులో దాచుకొన్నది కత్తి గాదు, సూదిదారము.

గోరీలదొడ్డిలో హత్యను కన్నులార చూచిన పిమ్మట వాని దుర్దశ ఇంకను ఘోరము. నిద్రలో పలవరింతునేమో, పక్కనున్న సిద్ వినునేమో యని, పంటినొప్పి నెపమున వారము దినములు దవడలకు గుడ్డ కట్టుకొని పరుండెను. సిద్ రాత్రులందు మెల్లగా లేచి, ఆ కట్టు వదులు చేసి, మోచేతిపై నానుకొని విని, మరల యథాస్థానమున కట్టు జరిపి పడుకొనుచుండెను. హంతకుడైన ఇంజన్ జో ఊరిలో తిరుగుచుండగా, టామ్ రాత్రింబవళ్లు కాచుకొన్నది అతనినుండి యొకపాలు, పక్కలోని తమ్మునినుండి మూడుపాళ్లు. ఇది న్యాయమా యని యడుగవలదు. చెడ్డ తమ్ముడును మంచి తమ్మునివలెనే అన్నగారి ప్రాధాన్యములను తాఱుమాఱు చేయగలడని చూపుటయే నా యుద్దేశము.

ప్రసక్తానుప్రసక్తముగా నొక మాట. మన జానపదకథలలో రాజునకు ఏడుగురు కొడుకులున్నచో రాక్షసుని చంపువాడు, రాకుమారిని తెచ్చువాడు, చాలచోట్ల కడగొట్టువాడే. పెద్దవారాఱుగురును దారిలో రాళ్లైపోవుదురు. ఆ కథలను కూర్చినవారు పెద్దకొడుకులు గారని నా యూహ.

అలంకారము: ఇద్దఱి గమనమును ఒక్క వాక్యమున కలిపి చెప్పుటచేత సహోక్తి యని కొందఱు. బెదరింపు నెపమున ప్రేమను దాచుటచేత వ్యాజోక్తి యని మఱికొందఱు. కేవలము స్వభావోక్తి యని నా మతము. రసము ఆరంభమున వీరము. మొదటి ఫర్లాంగు దాటునప్పటికి వీరము వాత్సల్యమునకు అంగమై, పల్లేరుగాయ దగ్గఱ పూర్తిగా తల వంచును.

తాత్పర్యము: ఓయి యగ్రజుడా, నీవు నిధికై పోవుచున్నావు, నాకు నిధితో పనిలేదు, నీవున్న చోట నేనుండవలెను, కాదందువేని నీ ప్రయాణమును ఆపగల యధికారిణి వంటింటి పక్కగదిలో నిద్రించుచున్నది, ఆమెను లేపుటకు నాకు ఒక్క కేక చాలును, కావున నీవు ముందుగా మరమరాల మూట విప్పి అందులో సగము నా పాలు చేసి, గోడ దగ్గఱ నన్నెత్తి దించి, మిట్టపల్లములలో నా చేయి పట్టుకొని, ఆ పిమ్మట నీకు తీఱికయున్నచో రాక్షసుని సంగతి చూచుకొనుమని భావము.

ఇక ‘ఆగు’ అను పదము మిగిలినది.

వ్యాకరణమున చిక్కులేదు, మధ్యమపురుష, విధ్యర్థకము. చిక్కు వేఱొకచోట గలదు. ఆ తెల్లవారుజామున పెరటి తలుపు తీసియే యుండెను. నేను గడప దాటి పది బారలు పోయియుంటిని. వాని కాళ్లు చిన్నవి. నేను పరుగెత్తినచో వాడందుకొనజాలడు. అమ్మ ముందటి రాత్రి చుట్టాలకు వంటలు చేసి అలసి నిద్రించుచున్నది. వాని కేకకు లేచునన్న భయము నాకు రవంతయు లేదు. లేచినను, ఆమె చీరకొంగు సవరించుకొని వీధిలోనికి వచ్చులోపల నేను కాలువగట్టు ఎక్కియుందును. లాకులచెంత పడవ యేవేళ లేచునో తెలిసికొని, దినము లెక్కించుకొని, ఆశయమంత గట్టిగా పెట్టుకొని బయలుదేరినవాడను. ఆ మాట చెవిని బడినంతనే, చెప్పులు చేతిలో నుండగానే, అడుగు ముందుకు పడక నిలిచిపోయితిని.

ఆగు: స్పష్టము.